పరిహారం తీసుకోండి, కానీ ‘అండర్ ప్రొటెస్ట్’ అని రాసి తీసుకోండి

బెంగళూరు చుట్టుపక్కల భూసేకరణ నోటీసులు అందుకున్న తెలుగు రైతు కుటుంబాలకు, ఇక్కడ స్థలాలు కొనుక్కున్న తెలుగువాళ్లకు, వాళ్ల వెనక నిలబడే తెలుగు సంఘాల పెద్దలకు

అయ్యలారా, అమ్మలారా,

హొసకోటె, మాలూరు, ఆనేకల్, దేవనహళ్లి, దొడ్డబళ్లాపుర తాలూకాల్లో ఇంట్లో తెలుగు మాట్లాడే రైతు కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. ఆంధ్ర, తెలంగాణల నుంచి వచ్చి అరెకరమో సైటో కొనుక్కున్నవాళ్లూ ఉన్నారు. రింగు రోడ్డు, ఎక్స్‌ప్రెస్‌వే, పారిశ్రామిక వాడ, మెట్రో, సబర్బన్ రైలు, పేరు ఏదైతేనేం, వీళ్లందరి నోటా ఇప్పుడు ఒకటే ప్రశ్న: ఎకరాకు ఎంత కడతారు?

భూమి ఇవ్వాలా వద్దా అన్నది వేరే పోరాటం. దేవనహళ్లి తాలూకా చన్నరాయపట్న హోబళిలో 13 గ్రామాల రైతులు ఏళ్ల తరబడి పట్టు వదలకుండా నిలబడి, 1,777 ఎకరాల సేకరణను వదులుకుంటున్నామని 2025 జూలై 15న ప్రభుత్వం చేతే చెప్పించారు. అందరికీ ఆ ఫలితం దక్కదు. భూమి పోవడం ఖాయమైనచోట, కట్టిన ధర అన్యాయంగా ఉన్నచోట ఏం చేయాలో చెప్పడానికే ఈ ఉత్తరం.

పరిహారం కేసులు ఓడిపోవడానికి ఎక్కువసార్లు కారణం చట్టం కాదు, కాగితం. వేయాల్సిన కాగితం వేయలేదు, లేదా గడువు దాటాక వేశారు. ‘చాలా తక్కువ ఇచ్చారు’ అన్న మాటకు ఏ కోర్టూ రూపాయి పెంచదు. పక్క సర్వే నంబరు ఎంతకు అమ్ముడుపోయిందో చూపించే రిజిస్టర్డ్ దస్తావేజుకు పెంచుతుంది.

నోటీసు చేతికి రాగానే రేటు కోసం వెతక్కండి. ఏ చట్టం, ఏ సెక్షన్ కింద ఇచ్చారో చూడండి. కన్నడ చదవడం రాకపోతే చదివించుకోండి, అర్థమైనట్టు ఊహించుకోకండి. జాతీయ రహదారి అయితే 1956 నేషనల్ హైవేస్ చట్టం, 3ఏ, 3డీ సెక్షన్లు ఉంటాయి. పారిశ్రామిక వాడ అయితే 1966 కేఐఏడీబీ (కర్ణాటక పారిశ్రామిక ప్రాంతాల అభివృద్ధి మండలి) చట్టం, ముందు 28(1), తర్వాత 28(4). మెట్రో కోసం కూడా చాలాచోట్ల భూమి సేకరించేది కేఐఏడీబీయే. బీడీఏ (బెంగళూరు డెవలప్‌మెంట్ అథారిటీ) అయితే 1976 బీడీఏ చట్టం, 17, 19 సెక్షన్లు. 11(1) అని ఉంటే 2013 భూసేకరణ చట్టం.

ఈ తేడా డబ్బులో తేడా. 2013 చట్టంలో సొలేషియం, అంటే భూమిని బలవంతాన తీసుకున్నందుకు విలువపైన అదనంగా ఇచ్చే సొమ్ము, నూటికి నూరు, 1894 నాటి పాత చట్టంలో నూటికి ముప్పై. బీడీఏ సేకరణకు 2013 చట్టం వర్తించదని సుప్రీంకోర్టు 2022 జనవరిలో తేల్చింది. కాబట్టి బీడీఏ నోటీసు చూసి ‘నాలుగింతలు ఇప్పిస్తాం’ అని ఇంటికి వచ్చే మధ్యవర్తిని గుమ్మం దగ్గరే పంపించేయండి. జాతీయ రహదారి భూములకు 2015 జనవరి 1 నుంచి పరిహారం లెక్క 2013 చట్టం ప్రకారమే. అంతకు ముందు తీసుకున్న హైవే భూములకు సొలేషియం, వడ్డీ లేవన్న 3జే నిబంధన ఆ మేరకు చెల్లదని 2019 సెప్టెంబరు 19న సుప్రీంకోర్టు చెప్పింది. కేఐఏడీబీ సంగతి అంత సూటిగా ఉండదు. నోటిఫికేషన్ తేదీ, ఆ ప్రాజెక్టుకు ఇచ్చిన ప్రభుత్వ ఉత్తర్వు చూడాలి. ‘ఏ చట్టం, ఏ సెక్షన్ ప్రకారం నా భూమికి విలువ కడుతున్నారు’ అని భూసేకరణ అధికారిని రాతపూర్వకంగా అడిగి, అర్జీ నకలు మీద ముద్ర వేయించుకోండి.

కేఐఏడీబీలో అన్నిటికంటే పెద్ద ప్రమాదం ఒప్పంద పత్రం. 29(2) సెక్షన్ కింద రేటుకు ఒప్పుకుని సంతకం పెడితే, ఆ ఒప్పందం ప్రకారమే డబ్బు వస్తుంది. తర్వాత పక్క ఊరివాళ్లకు కోర్టు రెట్టింపు చేసినా మీకు పెంపు అడిగే దారి ఉండదు. ధర సలహా సమితి సమావేశంలో నలుగురి మధ్య తల ఊపి, బయటికి వచ్చాక అడిగినచోటల్లా సంతకం పెట్టే అలవాటు చాలా కుటుంబాలను ముంచింది. ఆ రేటు మీకు నిజంగా సమ్మతమైతే సంతకం పెట్టండి, తప్పేమీ లేదు. డబ్బు త్వరగా వస్తుంది, కోర్టు చుట్టూ తిరిగే పని ఉండదు. సమ్మతం కాకపోతే ‘నేను ఒప్పుకోవడం లేదు, సాధారణ అవార్డు ఇవ్వండి’ అని అర్జీ పెట్టండి (అవార్డు అంటే పరిహారం ఇంత అని అధికారి ఇచ్చే ఉత్తర్వు). డబ్బుకు బదులు అభివృద్ధి చేసిన స్థలం ఇస్తామన్నా అంతే జాగ్రత్త. కేఐఏడీబీ ఎకరాకు 10,781 చదరపు అడుగులు ఇవ్వజూపుతుంది. ఎకరం అంటే 43,560 చదరపు అడుగులు. ఆ స్థలం ఎక్కడ, ఎప్పటికి, ఏ రోడ్డు మీద ఇస్తారో కాగితం మీద లేనంతవరకు దాన్ని డబ్బుతో పోల్చి చూడలేం.

ఇక విస్తీర్ణం. రేటు గురించి ఊరంతా మాట్లాడుతుంది, విస్తీర్ణం గురించి ఎవరూ మాట్లాడరు. కానీ డబ్బు మొదట పోయేది ఇక్కడే. జాయింట్ మెజర్‌మెంట్, అంటే అధికారులు, యజమాని కలిసి చేసే కొలత, అందరూ జేఎంసీ అంటారు, జరిగే రోజు పొలంలో యజమాని ఉండి తీరాలి. పహణీలో 1-10 అని ఉంటే అది ఒక ఎకరా పది గుంటలు, అంటే 1.25 ఎకరాలు. దాన్ని 1.10 ఎకరాలుగా చదివి చదరపు మీటర్లలోకి మార్చేస్తే ఆరు గుంటలు గాలికి పోతాయి. హైవే నోటిఫికేషన్లు చదరపు మీటర్లలోనో హెక్టార్లలోనో వస్తాయి, మన రికార్డు ఎకరా గుంటల్లో ఉంటుంది. ఎకరానికి 40 గుంటలు, గుంటకు 1,089 చదరపు అడుగులు, అంటే సుమారు 101.17 చదరపు మీటర్లు. ఈ గుణకారం మీరే ఒకసారి వేసి చూసుకోండి.

తర్వాత ఖరాబు, అంటే సాగు లెక్కలోకి రాని భూమి. ‘ఏ’ (A) ఖరాబు సాగుకు పనికిరాని రాయి, గుట్ట, అయినా యజమాని హద్దులో ఉన్నది. ‘బీ’ (B) ఖరాబు బండిదారి, కాలువ లాంటి ప్రజల వాడుకది. అవార్డులో రెండింటినీ కలిపి ‘ఖరాబు’ అని తీసేస్తే ‘ఏ’ ఖరాబు డబ్బు కూడా పోతుంది. సర్వే శాఖ నుంచి ఆకారబంద్, టిప్పణి అనే సర్వే రికార్డుల నకళ్లు తెచ్చుకుంటే ఏది ఏదో తేలుతుంది. జేఎంసీ కాగితం మీద విస్తీర్ణం, చెట్లు, బోరు, షెడ్డు రాయకుండా ఖాళీగా ఉంచి సంతకం అడిగితే పెట్టకండి. పెట్టక తప్పని పరిస్థితి వస్తే సంతకం పక్కన ‘విస్తీర్ణం ఒప్పుకోలేదు’ అని తెలుగులోనైనా సరే రాయండి. ఆ రెండు మాటలు తర్వాత చాలా పని చేస్తాయి.

ఇప్పుడు ధర. 2013 చట్టం 26వ సెక్షన్ ప్రకారం అధికారి మార్కెట్ విలువను తన ఇష్టప్రకారం కట్టడానికి లేదు. రిజిస్ట్రేషన్‌కు పెట్టిన గైడెన్స్ విలువ ఒకటి, చుట్టుపక్కల అలాంటి భూముల సగటు అమ్మకం ధర ఒకటి, ప్రైవేటు కంపెనీల కోసమో ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్య (పీపీపీ) ప్రాజెక్టుకో తీసుకుంటే ఒప్పుకున్న ధర ఒకటి. వీటిలో ఏది ఎక్కువైతే అది తీసుకోవాలి. సగటు కట్టేది సేకరణ ప్రతిపాదించిన సంవత్సరానికి ముందు మూడేళ్లలో రిజిస్టరైన దస్తావేజుల నుంచి. అందులోనూ అన్నీ కాదు, ఎక్కువ ధర ఉన్న సగం దస్తావేజులనే తీసుకోవాలి. ఈ ‘ఎక్కువ సగం’ అన్న మాటను పక్కన పెట్టి అన్నిటికీ కలిపి సగటు కట్టేయడం, లేదా గైడెన్స్ విలువ దగ్గరే ఆగిపోవడం, ఈ రెండే అవార్డుల్లో ఎక్కువగా కనపడే తప్పులు.

ఈ లెక్క ఎంత తేడా తెస్తుందో ఒక ఉదాహరణ వేసి చూద్దాం. మూడేళ్లలో పది దస్తావేజులు ఉన్నాయనుకోండి. గుంట ధర లక్షల్లో 2, 2.5, 3, 3, 3.5, 4, 5, 5.5, 6, 6.5. పదింటికీ సగటు 4.1 లక్షలు. ఎక్కువ ధర ఉన్న అయిదింటికి సగటు 5.4 లక్షలు. గుంటకు 1.3 లక్షల తేడా, ఎకరాకు 52 లక్షలు. దాని మీద నూటికి నూరు సొలేషియం చేరితే ఒక్క ఎకరా మీద కోటీ నాలుగు లక్షలు పోయినట్టు. పల్లె భూమి విలువను పెంచే గ్రామీణ గుణకం ఇంకా వేయనే లేదు. ఒక గీత తప్పు చోట గీసినందుకు ఇంత.

దస్తావేజులు ఎక్కడ దొరుకుతాయి? రిజిస్ట్రేషన్ శాఖ కావేరి పోర్టల్లో గ్రామం, సర్వే నంబరు పెట్టి, భూమి మీద జరిగిన లావాదేవీలు చూపించే ఈసీలు తీయండి. మీ సర్వే నంబరు ఒక్కటే కాదు, చుట్టూ ఉన్నవాటికి, ఆనుకున్న ఊళ్లవాటికి కూడా తీయాలి. అందులో కనపడిన అమ్మకాలకు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి సర్టిఫైడ్ నకళ్లు తెచ్చుకోండి. జిరాక్సులు, వాట్సాప్ ఫొటోలు లెక్కలోకి రావు. ప్రతి దస్తావేజు భూమి మీ భూమికి ఎంత దూరం, రోడ్డు ఉందా, నీరు ఉందా, కన్వర్షన్ (వ్యవసాయేతర వాడుకకు మార్పు) అయిందా, అన్నీ ఒక పట్టికలో రాసి గ్రామ పటం మీద గుర్తు పెట్టండి. ప్రాథమిక నోటిఫికేషన్ తర్వాత జరిగిన అమ్మకాలను పనికిరావని పక్కన పెడతారు. నోటిఫికేషన్‌కు నెల ముందు అకస్మాత్తుగా పెరిగిన ధరతో రాయించుకున్న దస్తావేజును కూడా అనుమానంతోనే చూస్తారు. అలాంటిది పెడితే మిగతా మంచి దస్తావేజుల మీద కూడా నమ్మకం పోతుంది. పెట్టకండి.

చిన్న సైట్ల ధర చూపించి ఎకరాలకు అడిగేటప్పుడు కోత తప్పదు. 30-40 అడుగుల సైటు ధరలో రోడ్లు, డ్రైనేజీ, పార్కు ఖర్చు కలిసి ఉంటుంది. పచ్చి పొలంలో ఆ ఖర్చు ఇంకా పెట్టలేదు. అందుకే కోర్టులు మూడో వంతు దగ్గర మొదలుపెట్టి, భూమిని బట్టి అంతకంటే ఎక్కువో తక్కువో తగ్గిస్తాయి. ముందే ఆ కోత వేసుకుని లెక్క చూపించిన అర్జీకి విలువ ఎక్కువ. దస్తావేజు రెండు మూడేళ్ల పాతదైతే ఏటా కొంత పెంపు కలపమని అడగవచ్చు. పట్టణ పరిసరాల్లో 10 నుంచి 15 శాతం, పల్లెల్లో 5 నుంచి 7.5 శాతం దాకా అని 2008లో సుప్రీంకోర్టు ఒక కేసులో కొలమానం చెప్పింది.

ఇక్కడ ఒక చేదు నిజం చెప్పక తప్పదు. మన ఊళ్లలో అమ్మకాలు చాలావరకు గైడెన్స్ విలువకే రిజిస్టరవుతాయి, మిగతాది నగదుగా చేతులు మారుతుంది. స్టాంపు డ్యూటీ మిగిలిందనుకుంటాం. తర్వాత ఆ ఊరికి నోటీసు వచ్చినప్పుడు, ఆ దస్తావేజులే ఊరందరి పరిహారానికీ కొలత అవుతాయి. గుంట పది లక్షలకు అమ్ముడైన భూమి కాగితం మీద మూడు లక్షలైతే, అధికారికి కనపడేది మూడే. ఇప్పటికైనా నోటీసు రాని ఊళ్లలో నిజం ధర రాసుకోండి. నోటీసు వచ్చిన ఊళ్లలో బ్యాంకు లోను తీసుకుని కొన్నవాళ్ల దస్తావేజులు వెతకండి. బ్యాంకు మదింపు ఉన్నచోట ధర కాస్త నిజానికి దగ్గరగా ఉంటుంది. కంపెనీలు కొన్న భూముల దస్తావేజులు కూడా అంతే.

కర్ణాటకలో గైడెన్స్ విలువలు 2023 అక్టోబరు 1న మారాయి. మీ నోటిఫికేషన్ ఆ తేదీకి ముందా, తర్వాతా అన్నది చూసుకోండి. సేకరణ మొదలుపెట్టే ముందు మార్కెట్ విలువను తాజా పరచాలని 26(3) చెబుతోంది. పరచలేదనిపిస్తే అభ్యంతరంలో ఆ మాట రాయండి. గైడెన్స్ పట్టిక చివర ఉండే ప్రత్యేక సూచనలు కూడా చదవండి. హైవే పక్క భూమికి, కన్వర్షన్ అయిన భూమికి అదనంగా కలపమని అందులో ఉంటుంది. అవార్డు లెక్కలో ఆ అదనం మరిచిపోవడం మామూలే.

గ్రామీణ భూమికి విలువను ఒకటి నుంచి రెండు వరకు గుణిస్తారు, పట్టణంలో ఒకటే. ఊరిని కొత్తగా పురసభలోనో నగరపాలికలోనో కలిపినచోట ఈ గుణకం జారిపోతుంది. కలిపిన నోటిఫికేషన్ తేదీ, భూసేకరణ నోటిఫికేషన్ తేదీ పక్కపక్కన పెట్టి చూడండి.

మొత్తం లెక్క ఇలా ఉండాలి. భూమి విలువ కోటి, గుణకం 1.5 అనుకుంటే కోటీ యాభై లక్షలు. చెట్లు, బోరు, షెడ్డు పది లక్షలు. మొత్తం కోటీ అరవై. దీనికి నూటికి నూరు సొలేషియం, మరో కోటీ అరవై. అంటే మూడు కోట్ల ఇరవై లక్షలు. దీనిపైన భూమి మార్కెట్ విలువ మీద ఏడాదికి 12 శాతం, సామాజిక ప్రభావ అధ్యయనం నోటిఫికేషన్ నుంచి అవార్డు లేదా స్వాధీనం, ఏది ముందైతే అప్పటిదాకా. సొలేషియాన్ని గుణకం వేయని ఉత్త భూమి ధర మీద మాత్రమే కట్టారంటే ఇదే ఉదాహరణలో అరవై లక్షలు తగ్గుతుంది. 12 శాతం అసలు వేయకపోవడమూ తరచుగా చూసేదే. గుమాస్తా తప్పులు, కూడికల తప్పులు అయితే ఆరు నెలల్లోపు 33వ సెక్షన్ కింద అదే అధికారి సరిదిద్దవచ్చు. దానికి కోర్టు దాకా పోనక్కర్లేదు.

చెట్లు, కట్టడాల విషయంలో సాక్ష్యం మీ చేతుల్లోనే తయారవ్వాలి. మామిడి, కొబ్బరి, టేకు చెట్లకు వయసు, చుట్టుకొలత రాయించండి. ‘మామిడి 40’ అని రాస్తే పిలకకూ ముప్పై ఏళ్ల చెట్టుకూ ఒకటే ధర పడుతుంది. దేవనహళ్లి వైపు ద్రాక్ష తోటకు పందిరి రాళ్లు, తీగ, డ్రిప్పు వేరువేరుగా రావాలి. బోరుకు లోతు, కేసింగ్, మోటారు, కరెంటు ఆర్ఆర్ నంబరు, తవ్వించిన బిల్లు. వెయ్యి అడుగులు దాటి తవ్వే నేల ఇది, బోరు చిన్న ఖర్చు కాదు. ఉద్యాన శాఖ ఇచ్చిన డ్రిప్ సబ్సిడీ కాగితం మంచి సాక్ష్యం. కట్టడానికి తరుగు తీస్తే ఎంత తీశారో, ఎందుకో రాతపూర్వకంగా అడగండి. ఒక్క జాగ్రత్త. తోట ఆదాయం లెక్కగట్టి దాని నుంచి భూమి విలువ తీసినప్పుడు, మళ్లీ చెట్లకు విడిగా అడిగితే కోర్టు ఒప్పుకోదు. ఏదో ఒక దారి ఎంచుకోండి.

పొలంలో కొంతే పోయినప్పుడు మిగిలినదాని నష్టం కూడా పరిహారమే. రెండెకరాల చెక్కను రోడ్డు ఏటవాలుగా కోసిందనుకోండి. ఇవతల మూడు మూలలుగా ఆరు గుంటలు, అవతల బోరు. ఎక్స్‌ప్రెస్‌వేకు పక్క పొలం నుంచి దారి ఉండదు, కాబట్టి రోడ్డు వచ్చింది, ధర పెరిగింది అన్న వాదన అక్కడ నిలవదు. ట్రాక్టరు తిరగని ఆ ముక్క విలువ పడిపోయిందని 28వ సెక్షన్ కింద అడగాలి, స్కెచ్ పెట్టి అడగాలి. ఇంట్లో సగం పోతే ఇల్లంతా తీసుకోమని అడిగే హక్కు 94వ సెక్షన్‌లో ఉంది.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది. 2013 చట్టం 77వ సెక్షన్ ప్రకారం, నిరసన (అండర్ ప్రొటెస్ట్) తెలపకుండా డబ్బు తీసుకున్నవాళ్లకు పెంపు అడిగే హక్కు పోతుంది. డబ్బు వద్దని తిరస్కరించి కూర్చోనవసరం లేదు, పోరాటానికి అది ఏమీ బలం ఇవ్వదు. తీసుకోండి. ఖాతాలో పడకముందే ఈ కాగితం ఆఫీసులో వేసి, తేదీతో ముద్ర వేయించుకోండి:

‘ఫలానా గ్రామం, సర్వే నంబరు ఫలానా, ఇన్ని ఎకరాల ఇన్ని గుంటల భూమికి ఫలానా తేదీన ఇచ్చిన అవార్డును నేను ఒప్పుకోవడం లేదు. విస్తీర్ణం, మార్కెట్ విలువ, గుణకం, చెట్లు, కట్టడాల విలువ, సొలేషియం, 12 శాతం అదనపు మొత్తం, వీటన్నిటి మీదా నాకు అభ్యంతరం ఉంది. పరిహారం పెంపు కోరే నా హక్కును వదులుకోకుండా ఈ సొమ్మును నిరసనతో మాత్రమే తీసుకుంటున్నాను.’

దీన్ని కన్నడలో రాయించి ఇవ్వడం మేలు. ఆఫీసులో తీసుకోకపోతే అదే రోజు స్పీడ్ పోస్టులో పంపండి. రసీదు పుస్తకంలో, చెల్లింపు వోచరు మీద సంతకం పెట్టేటప్పుడు కూడా ‘అండర్ ప్రొటెస్ట్’ అని రాయండి.

ఈ కాగితంతో పని అయిపోలేదు. ఇది హక్కును కాపాడుతుంది, పెంపు అడగదు. అడిగేది 64వ సెక్షన్ కింద వేసే రిఫరెన్స్ అర్జీ, అంటే పరిహారం తగాదాలు తేల్చే అథారిటీకి మీ కేసు పంపమని అధికారిని అడిగే కాగితం. అవార్డు ఇచ్చినప్పుడు మీరో మీ తరఫు మనిషో అక్కడ ఉంటే ఆ తేదీ నుంచి ఆరు వారాలు. లేకపోతే నోటీసు అందిన నాటి నుంచి ఆరు వారాలు లేదా అవార్డు నుంచి ఆరు నెలలు, వీటిలో ఏది ముందైతే అది. సరైన కారణం చూపిస్తే ఇంకో ఏడాది దాకా అధికారి స్వీకరించవచ్చు, కానీ అది అతని చేతిలో ఉన్నది, మీ హక్కు కాదు. అర్జీ అందిన 30 రోజుల్లో అధికారి దాన్ని అథారిటీకి పంపాలి. పంపకపోతే మీరే నేరుగా అథారిటీని అడగవచ్చు. 1894 చట్టం వర్తించే సేకరణల్లో కర్ణాటక సవరణ ప్రకారం గడువు వేరు, అవార్డు సంగతి తెలిపే 12(2) నోటీసు అందిన 90 రోజులు. ఆ తర్వాత 90 రోజుల్లో డీసీ (జిల్లా డిప్యూటీ కమిషనర్) పంపకపోతే కోర్టుకు వెళ్లి పంపించమని అడగాలి. మూడేళ్లు దాటాక వెళితే వినరు. ‘అర్జీ వేశాను కదా’ అని ఊరుకుని ఇలా నష్టపోయిన ఫైళ్లు బెంగళూరు కోర్టుల్లో కొల్లలు.

జాతీయ రహదారి కేసుకు దారి వేరు. అక్కడ రిఫరెన్స్ లేదు, 3జీ(5) కింద, తగాదా తేల్చడానికి కేంద్ర ప్రభుత్వం నియమించే ఆర్బిట్రేటర్ దగ్గరికి వెళ్లాలి. ఆయన తీర్పు మీద ఆర్బిట్రేషన్ చట్టం 34వ సెక్షన్ కింద మూడు నెలల్లో, కారణం చూపిస్తే ఇంకో 30 రోజుల్లో కోర్టుకు పోవచ్చు. కానీ ఆ కోర్టు మామూలుగా ధరను తిరిగి కట్టదు. 2021 జూలై 20న సుప్రీంకోర్టు ఆ మాట స్పష్టంగా చెప్పింది. 2025 ఏప్రిల్ 30న అయిదుగురు జడ్జీల ధర్మాసనం మార్పుకు కొంత అవకాశం ఇచ్చింది గానీ అది ఇరుకైన అవకాశమే. అందుకని హైవే కేసులో సాక్ష్యం అంతా, దస్తావేజులు, స్కెచ్, మదింపు రిపోర్టు, ఆర్బిట్రేటర్ ముందే పడాలి. తర్వాత పెడదాం అనుకున్నది ఎప్పటికీ పెట్టలేరు.

నోటిఫికేషన్ పాతది, అవార్డు మాత్రం ఏళ్ల తర్వాత వచ్చిన కుటుంబాలు ఒక తీర్పు గుర్తు పెట్టుకోండి. బెంగళూరు-మైసూరు ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ కారిడార్ కోసం కేఐఏడీబీ 2003లో నోటిఫై చేసిన భూములకు 2019 దాకా అవార్డే రాలేదు. వచ్చినప్పుడు 2011 విలువలు కట్టారు. 2025 జనవరి 2న సుప్రీంకోర్టు, 2019 ఏప్రిల్ 22 నాటి మార్కెట్ విలువ కట్టమంది. ఆ కేసులో కోర్టు తన ప్రత్యేక అధికారం వాడింది, అందరికీ దానంతట అదే వర్తించదు. అయినా ప్రభుత్వం చేసిన ఆలస్యానికి మూల్యం రైతు చెల్లించకూడదని వాదించడానికి ఇంతకంటే దగ్గరి ఆధారం లేదు.

డబ్బు మంజూరై కూడా చేతికి రాని కుటుంబాలు ఎన్నో. పహణీ ఇంకా తాతగారి పేరునే ఉంటుంది. పోడి (సర్వే చేసి వాటాలు విడగొట్టడం) కాక, ఒకే సర్వే నంబరులో అయిదారుగురు ఉమ్మడిగా ఉంటారు. ఆడపిల్లల సంతకాలు ఉండవు. అప్పుడు సొమ్మును అథారిటీలోనో కోర్టులోనో జమ చేస్తారు, అన్నదమ్ముల తగవు తేలేదాకా అది అక్కడే ఉంటుంది. నోటీసు రాకముందే పౌతి ఖాతా (చనిపోయినవాళ్ల పేరు నుంచి వారసుల పేరుకు మార్పు) చేయించండి, వంశవృక్షం తీసి పెట్టుకోండి. ఆడపిల్లలకు వాటా ఉంది. 2020 ఆగస్టు 11 నాటి సుప్రీంకోర్టు తీర్పు తర్వాత అందులో సందేహానికి చోటు లేదు. వాళ్ల పేర్లు దాచి క్లెయిమ్ వేస్తే, చివరికి ఆ ఒక్క అభ్యంతరంతోనే డబ్బంతా ఆగిపోతుంది. సాగులో ఉండి హక్కుపత్రం రానివాళ్లు సర్కారు భూమి సాగును క్రమబద్ధం చేయమని పెట్టుకున్న ఫారం 50, 53, 57 అర్జీల రసీదులు క్లెయిముకు జత చేయండి. సైటు కొని ఖాతా మార్పించుకోని ఆంధ్ర, తెలంగాణ వాళ్లకు నోటీసే రాదు, అది పాత యజమాని ఇంటికి పోతుంది. మీ దస్తావేజు నకలుతో భూసేకరణ అధికారికి ఇప్పుడే అర్జీ పెట్టి, ఆ భూమిలో హక్కు ఉన్న వ్యక్తిగా మీ పేరు చేర్పించుకోండి.

అవార్డు ఫైలులోని అమ్మకాల పట్టిక, మదింపు రిపోర్టులు, జేఎంసీ నకలు ఆర్టీఐలో అడగండి, కానీ జవాబు వచ్చేదాకా అర్జీ ఆపకండి. కేసు సాగుతోందని భయపడనక్కర్లేదు. 2013 చట్టం కింద పెరిగిన మొత్తం మీద స్వాధీనం తేదీ నుంచి మొదటి ఏడాది 9 శాతం, తర్వాత 15 శాతం వడ్డీ వస్తుంది. అథారిటీ తీర్పు మీద హైకోర్టుకు 60 రోజుల్లో అప్పీలు. అర్జీ వేయలేకపోయినవాళ్లకు కూడా ఒక దారి మిగిలి ఉంటుంది. అదే నోటిఫికేషన్ కింద పక్కవాళ్లకు అథారిటీ పెంచితే, ఆ తీర్పు నుంచి మూడు నెలల్లో 73వ సెక్షన్ కింద మీరూ అదే రేటు అడగవచ్చు. పక్కవాళ్ల కేసు ఎప్పుడు తేలిందో తెలియక ఈ మూడు నెలలు పోగొట్టుకునేవాళ్లే ఎక్కువ. ఆదాయపు పన్ను సంగతి అడిగేవాళ్లకు: 2013 చట్టం కింద అవార్డు సొమ్ముకు 96వ సెక్షన్ పన్ను మినహాయింపు ఇచ్చింది. ఒప్పంద రేటు తీసుకున్నవాళ్లు, పెంపు మీద వడ్డీ వచ్చినవాళ్లు ఆడిటరును అడిగాకే రిటర్ను వేయండి.

పెంచిన దాంట్లో వాటా ఇవ్వమనే వకీలు దగ్గరికి వెళ్లకండి. ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకు విరుద్ధం. ఖాళీ చెక్కు, ఖాళీ స్టాంపు కాగితం, జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) అడిగే మధ్యవర్తికి అసలే ఇవ్వకండి.

తెలుగు సంఘాల పెద్దలకు మా విన్నపం ఇదే. ఉగాదికి, సంక్రాంతికి మీరు హాలు తీసుకుంటారు, వందలమంది వస్తారు. నోటీసు వచ్చిన ప్రతి గ్రామానికీ ఒక ఉమ్మడి ఫైలు పెట్టించండి. అందులో మూడేళ్ల దస్తావేజుల సర్టిఫైడ్ నకళ్లు, గ్రామ పటం, నోటిఫికేషన్, గైడెన్స్ పట్టిక ఉండాలి. ఒక్కో కుటుంబం విడిగా తెచ్చుకుంటే అయ్యే ఖర్చు, ఊరంతా కలిస్తే తలా కొంచెమే. కన్నడ నోటీసు చదివి తెలుగులో చెప్పగలిగిన ఇద్దరు ముగ్గురిని ప్రతి తాలూకాలో పెట్టండి. అవార్డు తేదీ, నోటీసు అందిన తేదీ, ఆరో వారం ముగిసే తేదీ, పక్క కేసుల్లో అథారిటీ తీర్పు తేదీ, ఈ నాలుగు తేదీలు కుటుంబం వారీగా ఒక పుస్తకంలో రాసి, గడువుకు పది రోజుల ముందు ఆ ఇంటికి ఫోను చేసే మనిషి ఒకరు ఉండాలి. దస్తావేజుల ఎంపిక, లెక్క సరిచూడడం, అర్జీ ముసాయిదా మేం చేసి పెడతాం, ఫీజు తీసుకోం. ఫైలు మాత్రం అవార్డు రాకముందే మా చేతికి రావాలి.

ఇట్లు,
బెంగళూరులో భూమి రికార్డులు, సర్వే, విలువ మదింపు, భూసేకరణ కేసుల పనిలో ఉన్న కొందరు తెలుగువాళ్లం